అత్తిపత్తి అని పిలిచేవారు: అతిసున్నిత స్వభావంపై ఒక కేస్ స్టడీ

స్టీలు పళ్లెం నేల మీద పడితే ఒక్కసారి మోగి ఊరుకోదు. అంచు మీద గిర్రున తిరుగుతుంది, తిరిగే కొద్దీ వేగం పెంచుకుంటుంది, చివరికి టపటపా కొట్టుకుని ఆగుతుంది. ఆ పది సెకన్ల శబ్దమే రఘును కౌన్సెలింగ్ కోసం నా దగ్గరకు తీసుకొచ్చింది. ఆరేళ్ల కూతురి చేతిలోంచి పళ్లెం జారింది, ఆయన గట్టిగా అరిచారు. అంతకుముందు ఆ పిల్ల మీద ఆయన ఎప్పుడూ గొంతు పెంచింది లేదు. మర్నాటి నుంచి నాన్న ఇంట్లో ఉన్నంతసేపూ పాప పళ్లేన్ని రెండు చేతులతో గుండెకు హత్తుకుని మునివేళ్ల మీద నడవడం మొదలుపెట్టింది. "అది అలా నడుస్తుంటే చూడలేకపోయాను మేడమ్" అన్నారు. మొదటి రోజు ఆయన కన్నీళ్లు పెట్టుకున్నది ఆ ఒక్క మాట దగ్గరే.

రఘు ఆయన అసలు పేరు కాదు. ఆయన అనుమతితోనే రాస్తున్నాను, గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. వయసు 36. హైదరాబాదు మూసాపేటలో తల్లిదండ్రులు, భార్య, కూతురితో ఉంటారు. జీడిమెట్ల వైపు ఒక మందుల తయారీ సంస్థలో, నాణ్యత పరీక్షించే ల్యాబులో తొమ్మిదేళ్లు పనిచేశారు. నాలుగు నెలల కిందట పదోన్నతి వచ్చి, రాయదుర్గం దగ్గరి కార్యాలయానికి మారారు. అక్కడ అరవై మంది ఒకే హాల్లో కూర్చుంటారు. ఈయన కుర్చీ ఒక పక్క ప్రింటరుకు, మరో పక్క టీ గది తలుపుకు మధ్య. అక్కడికి చేరిన మూడో వారానికే నిద్ర చెడింది. పొద్దున్నే కడుపులో తిప్పడం, సాయంత్రానికి తల దిమ్ముగా ఉండటం, ఎవరు పలకరించినా చిరాకు. ఫ్యామిలీ డాక్టరు బీపీ, షుగరు, థైరాయిడ్ పరీక్షలు చేయించి అన్నీ సరిగానే ఉన్నాయన్నారు. ఇంట్లోవాళ్లు మాత్రం నరాల బలహీనత అని తేల్చేశారు.

ఈ నరాల బలహీనత అనే మాట గురించి ఇక్కడే ఒకటి చెప్పాలి. చేతులు వణికినా, నిద్ర పట్టకపోయినా, మగవాడు ఏడ్చినా మన ఇళ్లలో అదే మాట వాడతారు. దానికి తోడు బలం మందులు. అందుకే ఎవరైనా నా ఎదుట కూర్చుని ఆ మాట అంటే, మొదట ఎవరన్నారు, అప్పుడు మీ వయసెంత అని అడుగుతాను. రఘు తడుముకోకుండా చెప్పారు: "మా నాన్న. ఎనిమిదేళ్లప్పుడు."

మొదటి సమావేశంలో రెండు విషయాలు రాసి పెట్టుకున్నాను. కూర్చున్న రెండు నిమిషాలకే ఆయన చూపు పైకి పోయింది. మొహమాటపడుతూ, "ఆ ట్యూబులైటు ఆపేయవచ్చా? చోక్ మోగుతోంది" అన్నారు. ఏళ్లుగా ఆ గదిలో కూర్చుంటున్న నాకు అప్పటిదాకా ఆ మోత వినిపించలేదు. ఆపేశాక గది నిజంగానే తేలికపడింది. రెండోది, వెళ్లేముందు తలుపు దగ్గర ఆగి, "మీకు తలనొప్పిగా ఉన్నట్టుంది, నేను ఇంకో రోజు రావాల్సింది" అన్నారు. పొద్దుటి నుంచీ నాకు తలనొప్పి ఉంది. ఆ రోజు వచ్చిన ఎవరూ కనిపెట్టలేదు.

చిన్ననాటి సంగతులు అడిగితే ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. చొక్కా మెడ వెనక కుట్టిన పట్టీ కత్తిరిస్తే గాని తొడుక్కునేవాడు కాదు. దీపావళి రాత్రి బియ్యం బస్తాల గదిలో కూర్చునేవాడు. బడిలో పక్క పిల్లవాడిని మాస్టారు కొడితే ఈయనకు వాంతి అయ్యేది. వేసవి సెలవుల్లో అమ్మమ్మగారి ఊరు వెళ్తే బావమరుదులంతా చేరి అత్తిపత్తి అని పిలిచేవారు, ముట్టుకుంటే ముడుచుకుపోయే ఆకు కదా. తండ్రి ఒకటే మాట: "మగపిల్లాడివై ఉండి ఏమిటిది?" పదో ఏట నుంచి దాచుకోవడం నేర్చుకున్నారు. ఇరవై ఆరేళ్లు దాచుకున్నారు.

ముందు ఏది కాదో తేల్చుకోవాలి

ఇప్పుడు చాలామంది ఫోనులో ఒక వీడియో చూసి, "నేను అతిసున్నితమైన వ్యక్తిని మేడమ్" అని వస్తున్నారు. అందులో కొందరి విషయంలో అది నిజమే. మరికొందరికి చికిత్స అందాల్సిన ఆందోళనో, కుంగుబాటో, ఎప్పుడో పడిన దెబ్బ తాలూకు భయమో ఆ పేరు వెనక దాగి ఉంటుంది. అందుకని రఘును చెవి డాక్టరు దగ్గరకు పంపాను. వినికిడి పరీక్ష మామూలుగానే వచ్చింది. వెలుతురు, శబ్దం భరించలేకపోవడం మైగ్రేన్‌లోనూ ఉంటుంది, కానీ ఈయనకు ఆ తరహా తలనొప్పులు లేవు. ఆటిజంలోనూ ఇంద్రియాల సున్నితత్వం ఉంటుంది. అయితే చిన్నప్పటి నుంచీ ఎదుటివారి ముఖం చదవడంలో, మాట కలపడంలో ఈయనకు ఇబ్బంది లేదు, పైగా ఎక్కువే చదువుతారు. నమలడం లాంటి కొన్ని శబ్దాల మీద మాత్రమే కోపం వచ్చే సమస్య ఒకటుంది, అదీ కాదు. ఇక్కడ వెలుతురు, వాసన, బట్ట, మనుషుల బాధ, అన్నీ కలిసి ఉన్నాయి.

ఆందోళన కొలిచే జీఏడీ-7 ప్రశ్నావళిలో 21కి 12 వచ్చింది, మధ్యస్థ స్థాయి. కుంగుబాటుకు వాడే పీహెచ్‌క్యూ-9లో 8, స్వల్పం. చనిపోవాలన్న ఆలోచన ఉందా అని సూటిగా అడిగాను, లేదన్నారు. అయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 కాగితం మీద రాసి ఇచ్చాను. రాత్రి రెండింటికి మనసు బాగోకపోతే నేను అందుబాటులో ఉండను, ఆ నంబరు ఉంటుంది.

అంటే ఈయనలో రెండున్నాయి: పుట్టుకతో వచ్చిన సున్నిత స్వభావం, నాలుగు నెలలుగా దాని మీద పేరుకున్న ఆందోళన. మొదటిది జబ్బు కాదు, మానసిక వ్యాధుల వర్గీకరణలో దానికి చోటు లేదు. రెండోదానికి మాత్రం చికిత్స కావాలి. ఈ రెండింటినీ విడదీయడమే ఈ కేసులో అసలు పని. దాన్ని నేను కొంత ఆలస్యంగా గ్రహించాను, ఆ సంగతి తర్వాత వస్తుంది.

ఈ స్వభావాన్ని శాస్త్రంగా చదవడం మొదలై ఎంతో కాలం కాలేదు. అమెరికా మనస్తత్వవేత్త ఎలేన్ ఆరోన్, ఆమె భర్త ఆర్థర్ ఆరోన్ 1997లో దీనిపై పరిశోధనా పత్రం ప్రచురించి, 27 ప్రశ్నల కొలమానం రూపొందించారు. సెన్సరీ ప్రాసెసింగ్ సెన్సిటివిటీ అని దానికి పెట్టిన పేరు. తేడా చెవిలోనో కంట్లోనో ఉండదు, లోపలికి వచ్చినదాన్ని మెదడు ఎంత లోతుగా తరచి చూస్తుందన్నదే తేడా. లోతుగా చూసేవారు చిన్న చిన్న తేడాలు పట్టుకుంటారు, ఎదుటివారి భావాలకు గట్టిగా స్పందిస్తారు, అందువల్లే త్వరగా అలసిపోతారు. 2014లో ప్రచురితమైన ఒక మెదడు స్కానింగ్ అధ్యయనంలో, ఇతరుల ముఖాల్లోని సంతోషం, దుఃఖం చూసినప్పుడు ఇలాంటివారిలో శ్రద్ధకు, సహానుభూతికి సంబంధించిన భాగాలు ఎక్కువగా పనిచేసినట్టు కనిపించింది. చిన్న అధ్యయనమే, 18 మంది మీద చేసింది. కానీ నా తలనొప్పిని కనిపెట్టిన మనిషి ఎదుట కూర్చున్నప్పుడు నాకు అదే గుర్తొచ్చింది.

ఇలాంటివారు నూటికి 15 నుంచి 20 మంది అని మొదట్లో అనుకున్నారు. 2018లో వచ్చిన విశ్లేషణ మనుషులను మూడు గుంపులుగా చూసి, ఎక్కువ సున్నితమైనవారు 30 శాతం దాకా ఉంటారని చెప్పింది. ఆ పరిశోధకులు మూడు పూల పేర్లు వాడారు: డాండెలియన్, ట్యూలిప్, ఆర్కిడ్. నా గదిలో నేను ఆర్కిడ్ బదులు తమలపాకు తీగ అంటాను. ఎండ తగిలితే వాడిపోతుంది, నీడా తడీ అమరితే పందిరంతా అల్లుకుంటుంది. రఘు తల్లి పెరట్లో తమలపాకు పెంచిన మనిషి, ఈ పోలిక ఆమెకు వెంటనే అందింది. "దానికి నీళ్లు నిలవకూడదు, ఆరకూడదు" అంది. నేను గంట సేపు చెప్పినదానికంటే ఆ మాటే రఘుకు బాగా ఎక్కింది.

ఈ పోలికలోని రెండో సగాన్ని చాలామంది వదిలేస్తారు. సున్నితమైనవారు చెడు పరిసరాల్లో ఎక్కువ దెబ్బ తింటారన్నది అందరికీ తెలుసు. మంచి పరిసరాల్లో వారికి మేలు కూడా ఎక్కువే జరుగుతుంది. ఇంగ్లాండ్‌లో కుంగుబాటు రాకుండా పాఠశాల బాలికలకు నడిపిన ఒక శిక్షణపై 2015లో వచ్చిన అధ్యయనంలో, ఆ శిక్షణ వల్ల ప్రయోజనం కనిపించింది ఎక్కువ సున్నితత్వం ఉన్న పిల్లల్లోనే. రఘుతో నేను ఆశ పెట్టుకుని పనిచేయడానికి అదొక కారణం.

నేను చేసిన పొరపాటు

మొదటి నాలుగు సమావేశాల్లో ఆయనకు ఊరట ఇవ్వాలని తొందరపడ్డాను. చెవుల్లో ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకోమన్నాను. మధ్యాహ్నం భోజనం ఒంటరిగా చేయమన్నాను. తప్పనిసరి కాని వేడుకలు మానుకోమన్నాను. నాలుగో వారానికి జీఏడీ-7 మార్కు 12 నుంచి 9కి దిగింది. దారి దొరికిందనుకున్నాను.

ఆరో వారం భార్య కూడా వచ్చింది. ఆమెను ఇక్కడ లక్ష్మి అందాం. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పింది: "ఈయన మాతో కలిసి తినడం లేదండీ. ఇంట్లో కూడా చెవుల్లో అవి తీయడం లేదు. మా తమ్ముడి గృహప్రవేశానికి నేను, పాప మాత్రమే వెళ్లాం. అందరూ అడిగారు. మీరు వద్దన్నారట కదా?"

నిజమే, నేనే వద్దన్నాను. అలసట తగ్గించబోయి భయానికి తోడ్పడ్డాను. తప్పించుకున్న ప్రతిసారీ హాయిగా ఉంటుంది, ఆ హాయే భయాన్ని పెంచుతుంది. దీనికి తోడు, చెవులు రోజంతా మూసి ఉంచితే మెదడు లోపలి వాల్యూమ్ పెంచుకుంటుంది, తీసినప్పుడు మామూలు శబ్దం కూడా పెద్దగా తాకుతుంది. కుక్కరు ఈల కూడా కొత్తగా భరించలేకపోతున్నానని రఘు అన్నప్పుడు నాకు విషయం అర్థమైంది. వాళ్లిద్దరి ఎదుటే నా సలహా సరైనది కాదని చెప్పాను, మళ్లీ మొదలుపెడదామన్నాను.

ఈసారి మందు చీటీ లాంటి సలహాలేవీ ఇవ్వలేదు. ఒక నోటు పుస్తకం ఇచ్చాను. రోజుకు ఐదుసార్లు రెండే అంకెలు వేయాలి: అలసట పదికి ఎంత, భయం పదికి ఎంత. మొదట్లో ఆయనకు రెండూ ఒకటే అనిపించాయి. పది రోజులకు విడిపడ్డాయి. ఆదివారం మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, అలసట 2, భయం 7: మర్నాటి హాలు గుర్తొచ్చి. కూతురి బడి వార్షికోత్సవంలో అలసట 8, భయం 1. "అలసిపోయాను, కానీ బాగుంది" అన్నారు. ఆ వాక్యాన్ని ఆయన చేతే పుస్తకంలో రాయించాను. అలసట ఎక్కువైన చోట విశ్రాంతి, భయం ఎక్కువైన చోట మెల్లగా అడుగు ముందుకు. ఆ తర్వాత మేం చేసిందంతా ఈ లెక్క మీదే.

ఆ పళ్లెం పడ్డ రోజును కూడా అలాగే గంట గంటకూ తిరగేశాం. పొద్దున ఫ్యాను ఆగిన ఉక్క, తొమ్మిదింటికి అమీర్‌పేటలో మెట్రో మారేచోట భుజాలు రాసుకుంటూ మెట్లెక్కడం, హాల్లో ఎవరిదో ఘాటైన సెంటు, మధ్యాహ్నం పక్క కుర్చీ సహోద్యోగిని పై అధికారి అందరి ముందూ నిలదీయడం. తిట్లు ఆమెకు, కడుపులో మెలిపెట్టింది ఈయనకు. మధ్యలో ఐదు టీలు. తిరుగు ప్రయాణంలో మళ్లీ అమీర్‌పేట. ఇంట్లో టీవీ, మిక్సీ, కుక్కరు, పక్క సందులోని ఫంక్షన్ హాలు మైకు టెస్టింగు. ఎనిమిదింటికి పళ్లెం. కుండ నిండాక ఒక్క చుక్క చాలు. ఆ చుక్కను పట్టుకుని పాపను, తనను నిందించుకుంటూ ఆయన అన్ని రోజులు గడిపారు.

ఏం మార్చాం

కొన్ని మార్పులు తేలికగా జరిగాయి. ఇంటి నుంచి 7.40కే బయలుదేరడం మొదలుపెట్టారు, అప్పుడు అమీర్‌పేట మెట్ల మీద మనిషికి మనిషికి మధ్య చోటుంటుంది. మధ్యాహ్నం రెండు తర్వాత టీ మానేశారు. ఆరోన్ కొలమానంలోనే కెఫీన్ ప్రభావం గురించి ఒక ప్రశ్న ఉంది, ఇలాంటివారిలో చాలామందికి అది గట్టిగా పనిచేస్తుంది. ఇయర్‌ప్లగ్‌లు మెట్రోలో, అవసరమైతే గంట సేపు హాల్లో. ఇంట్లో వద్దు.

కుర్చీ మార్పు మాత్రం అంత తేలికగా జరగలేదు. అడగడానికి మూడు వారాలు పట్టింది. "నాకు శబ్దం పడదు" అంటే జాలి చూపులు వస్తాయని ఆయన భయం, అది నిరాధారమూ కాదు. నా గదిలో నేను పై అధికారిగా, ఆయన ఆయనగా ఐదారుసార్లు సాధన చేశాం. చివరికి ఆయన అన్న మాట ఇది: "నేను చూసే పత్రాల్లో తప్పు దొరకకపోతే సంస్థకు నష్టం. గోడ పక్క మూల ఇస్తే ఇంకా బాగా చూడగలను." ఇచ్చారు.

ఆ మాట ఆయన నోటికి రావడానికి ముందు ఇంకో సంగతి బయటపడింది. ల్యాబులో ఉన్నప్పుడు ఒకసారి పూత వేసిన మాత్రల ట్రేలో రంగు తేడాగా ఉందని ఆయన ఆపారట. మిగతావాళ్లకు కనిపించలేదు. వెలుతురు మార్చి, పాత నమూనా పక్కన పెట్టి చూస్తే కాస్త పసుపు తిరిగి ఉంది. ఆ బ్యాచ్‌కు తేమ తగిలిందని తర్వాత పరీక్షల్లో తేలింది. ఇదంతా ఏదో పాత ముచ్చటలా చెప్పుకుపోతున్నారు. ఆపి అడిగాను: "ఆ రోజు ఆ రంగు చూసిన కన్ను, ఇక్కడ నా ట్యూబులైటు విన్న చెవి, బడిలో పిల్లవాడి దెబ్బకు తిప్పిన కడుపు, ఇవి వేరువేరు మనుషులవా?" చాలాసేపు కిటికీ వైపు చూశారు. ఆ రోజు ఇంకేమీ మాట్లాడుకోలేదు, మాట్లాడాల్సిన పని కూడా లేదనిపించింది.

ఇంటి సంగతి దగ్గర నేను కాస్త గట్టిగానే ఉన్నాను. సాయంత్రం వచ్చాక డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కన ఇరవై నిమిషాలు ఒంటరిగా కూర్చుంటే ఆయనకు మేలు. కానీ ఆ ఇరవై నిమిషాలూ కింద వంట, పాప హోంవర్కు, అత్తమామల మందులు ఒక్క లక్ష్మి మీద పడతాయి. సున్నితత్వం పేరు చెప్పి ఇంటి బరువంతా భార్య భుజానికి మార్చేస్తే నేను దాన్ని నయం కావడం అనను. అందుకే ఒప్పందం రెండు వైపులా కుదిరింది: ఆయనకు డాబా మీద ఇరవై నిమిషాలు, ఎనిమిది నుంచి తొమ్మిది దాకా పాప పూర్తిగా ఆయన బాధ్యత, ఆ గంట లక్ష్మిది. లక్ష్మి ఆ గంటలో సందు చివరిదాకా నడిచి వస్తోంది.

వేడుకలకు తిరిగి వెళ్లడం అంచెలుగా సాగింది. మొదట పక్కింటి సత్యనారాయణ వ్రతంలో అరగంట. ఆ తర్వాత బంధువుల పెళ్లిలో ముప్పావు గంట. అక్కడ ఒక ఉపాయం పనిచేసింది: వడ్డనకు దిగమన్నాను. ఊరికే కూర్చుంటే నూరు వైపుల నుంచి నూరు శబ్దాలు వచ్చి మీద పడతాయి. చేతిలో పప్పు బకెట్ ఉంటే మనసుకు ఒక దారి ఉంటుంది. ఎవరి విస్తరిలో ఏది అయిపోయిందో ఆయన అందరికంటే ముందే చూసేవారట.

ఫంక్షన్ హాలు మైకు సంగతి వేరు, అది స్వభావం సమస్య కానే కాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు బహిరంగంగా మైకులు మోగించకూడదు. అది అందరి నిద్రకూ ఉన్న హక్కు. ఆ సంగతి చెప్పినప్పుడు రఘు ఆశ్చర్యపోయారు. లోపం తనలోనే ఉందని అంతగా నమ్మిన మనిషి ఆయన. ఒక రాత్రి పదకొండుకు, తలుపులు బిగించుకుని పడుకోకుండా, పొరుగువారు ఇద్దరితో కలిసి 100కి ఫోను చేశారు.

తండ్రి ఒక్కసారే వచ్చారు. 68 ఏళ్లు, నిటారుగా కూర్చునే మనిషి. వాడికి నరాల బలహీనత, అంతే, అన్నారు. నేను వాదించలేదు. మీకు నిద్ర ఎలా పడుతుందని అడిగాను. బాగానే పడుతుందన్నారు, పడుకునే ముందు గోడ గడియారం సెల్ తీసేస్తే. ఎన్నేళ్లుగా తీస్తున్నారు? పెళ్లికి ముందు నుంచి. కవలలపై చేసిన పరిశోధనలో మనుషుల మధ్య ఈ సున్నితత్వంలో కనిపించే తేడాల్లో దాదాపు సగానికి వంశపారంపర్యమే కారణమని తేలిందని చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. పక్కన కూర్చున్న కొడుకు తండ్రి చేతుల వైపు చూస్తున్నాడు. ఆ తర్వాత కూడా ఆయన నరాల బలహీనత అనే అంటున్నారట, కాకపోతే ఇప్పుడు "మా ఇంటి నరాల బలహీనత" అంటున్నారు.

మొత్తం పద్నాలుగు సమావేశాలు జరిగాయి, ఆరు నెలల తర్వాత ఇంకొకటి. జీఏడీ-7 మార్కు 4కు దిగింది. మానసిక వైద్యుడి అభిప్రాయం మధ్యలో ఒకసారి తీసుకున్నాం, మందుల అవసరం రాలేదు. 27 ప్రశ్నల కొలమానాన్ని మళ్లీ చదివి వినిపించాను. అందులో జవాబులు ఇంచుమించు మొదట్లో ఉన్నట్టే ఉన్నాయి. అవి మారతాయని నేను అనుకోలేదు. డీజే ఉన్న ఊరేగింపుల్లో ఆయన ఇప్పటికీ నిలబడలేరు. నెలకు ఒకటి రెండు సాయంత్రాలు ఎవరితోనూ మాట్లాడలేని స్థితి వస్తుంది, ఆ రోజు ఇంట్లో ముందే చెబుతారు.

ఆఖరి సమావేశానికి లక్ష్మి కూడా వచ్చింది. ముందు రోజు రాత్రి భోజనాల దగ్గర పాప చేతిలోంచి మళ్లీ పళ్లెం జారిందట. గిర్రున తిరిగింది. రఘు కళ్లు మూసుకుని, ఒక నిడుపాటి ఊపిరి వదిలి, అది ఆగేదాకా ఉన్నారట. పాప మాత్రం తండ్రి వైపు చూడనే లేదు. వంగి పళ్లెం తీసుకుని, ఇంకాస్త పప్పు వేయమని అడిగింది.